పచ్చిక కోయు యంత్రము: మట్టము సరిచూచు విధము
(బోయిగూడలో గ్రామ పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



మనము నేడు కూడియున్న ఈ బోయిగూడ సికిందరాబాదు రైలు స్టేషనుకు చేరువలో నున్నది. ఈ పేట పేరు వినినపుడెల్ల నాకు పల్లకి మోయు బోయీలు తలపునకు వత్తురు. పల్లకి మోయుటలో బలము కంటె ముఖ్యమైనది ఒకటి కలదు. మోయువారి భుజములన్నియు ఒకే ఎత్తున నుండవలెను. ఒకరి భుజము రెండంగుళములు దిగినను పల్లకి ఆ ప్రక్కకు ఒరుగును. ముందు నడచువారి దోషము వెనుకవారికి బరువగును. ఈ చిన్న సంగతిని మీరు మనసునం దుంచుకొన్నచో నేను చెప్పబోవు విషయములో సగము తెలిసినట్లే.

నేటి విషయము, మన క్రీడా స్థలములలో గడ్డి కోయుటకు మనిషి కూర్చుండి నడుపు యంత్రమును మట్టముగా నుంచుకొనుట, గడ్డిని తగిన ఎత్తున కోయుట. "ఇంత చిన్న విషయమునకు ఒక ప్రసంగ మేల?" అని మీలో కొందరు అనుకొనవచ్చును. ఈ చిన్న విషయము తెలియనందున ఒక పేద కార్మికుని జీతము కోతపడబోవుట నేను కన్నులార చూచితిని. అందుచేత ఆ సంగతి ముందుగా మనవి చేసెదను.

ఒక గ్రామమున జరిగిన సంగతి

తెలంగాణ గ్రామములలో క్రీడా ప్రాంగణములు నెలకొల్పు కార్యక్రమము 2022లో ఆరంభమైన విషయము మీకు తెలిసినదే. తరువాత కొంత కాలమునకు అట్టి ప్రాంగణ మొకదానిని ఫొటో తీయించుటకు నేనొక గ్రామమునకు పోయితిని. అమెరికాలో స్థిరపడిన ఆ ఊరివారొకరు గడ్డి కోయు బండి నొకదానిని కొని ఊరికి బహూకరించిరి. సర్పంచిగారు ఎంతో సంతోషముతో నన్ను మైదానమునకు తీసికొనిపోయిరి. తీరా చూడగా మైదానము సగము గొరిగి వదలిన తలవలె నున్నది. బండి పోయిన ప్రతి దారియందును కుడివైపు పచ్చగా నుండగా ఎడమవైపు నేల బయటపడి గోధుమరంగు తేలియున్నది. పరుగుపందెము అభ్యసించు పిల్లలు ఆ బోడి నేలపై పడి మోకాళ్లు గీచుకొనుచున్నారని బడి ఉపాధ్యాయు లొకరు చెప్పిరి.

సర్పంచిగారికి కోపము వచ్చినది. బండి నడిపిన పంచాయతి కార్మికుని పిలిపించి మందలించిరి. అతని జీతములో పది దినముల సొమ్ము తగ్గించవలెనని అప్పటికే కొందరు సభ్యు లనుకొనుచున్నారు. ఆ కార్మికుడు చేతులు కట్టుకొని, "నేను లివరు మూడో గాటు మీదనే పెట్టిన సార్. రోజు గట్లనే పెడుతున్న. ఇగ నా తప్పేముంది?" అని మాత్రము పలికెను.

అచ్చట వార్డు సభ్యు లొకరుండిరి. వారు పూర్వము తాపీ మేస్త్రిగా పనిచేసినవారు. మాటాడక ఇంటికి పోయి తమ రసమట్టమును తెచ్చి, బండిని సిమెంటు కల్లముపై నిలిపించి, కత్తులపైనున్న ఇనుప మూతపై దానిని అడ్డముగా పెట్టిరి. బుడగ ఒక కొనకు పోయి నిలిచెను. "బండే ఒరిగింది గద సర్పంచి సాబ్, ఇగ గడ్డి సక్కగ ఎట్ల తెగుతది?" అనిరి. చూడగా ఎడమవైపు వెనుక టైరులో గాలి తగ్గియున్నది. అదే ప్రక్కన మూతను మోయు కడ్డీ నట్టు వదులై దిగియున్నది. గాలి కొట్టి, నట్టు సవరించుటకు అరగంట పట్టినది. జీతము మాట మరల ఎవరును ఎత్తలేదు.

తప్పు యంత్రపు మట్టమునందుండగా దండన మనిషికి పడబోయినది. ఆ మేస్త్రిగారు ఆ దినమున అచ్చట లేకున్నచో పడియుండెడిదే. నేను మెకానిక్కును గాను. ప్రచార శాఖలో పనిచేయువాడను. అయినను ఆనాటి నుండి ఈ యంత్రమును గూర్చి తెలిసికొనుట నా విధి యని భావించి, తెలిసినవారి నడిగి, కూర్చున్న చోటనే యుండక చేతులతో చేసి నేర్చుకొంటిని. ఆ నేర్చినదియే మీకు విన్నవించుచున్నాను.

యంత్రము స్వరూపము

గడ్డి కోయు యంత్రమునకు పుట్టినిల్లు ఇంగ్లండు దేశము. స్ట్రౌడ్ ప్రాంతమున ఎడ్విన్ బడ్డింగ్ అను నాతడు ఉన్నిబట్టల మిల్లులో బట్టపై లేచిన నూగును సమముగా కత్తిరించు యంత్రమును చూచి, అదే ఉపాయముతో పచ్చికను కోయవచ్చునని తలచి 1830లో పేటెంటు పొందెను. బట్టపై నూగు ఎట్లు హెచ్చుతగ్గులు లేక తెగవలెనో గడ్డియు నట్లే తెగవలెనన్నది ఈ యంత్రము పుట్టినప్పటి నుండి వచ్చుచున్న ధర్మము.

మనిషి కూర్చుండి నడుపు బండి చిన్న ట్రాక్టరు వలె నుండును. ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ బోర్లించిన తాంబాళము వంటి ఇనుప మూత యొకటి వ్రేలాడుచుండును. దీనిని డెక్కు అందురు. డెక్కు క్రింద రెండు లేక మూడు బ్లేడులు గిరగిర తిరుగుచుండును. ఈ డెక్కు పల్లకి వంటిది. ముందు వెనుకల నున్న కడ్డీలు దానిని మోయు బోయీలు. డ్రైవరు ప్రక్కనున్న లివరును గాటు మార్చినచో డెక్కంతయు పైకి లేచును, లేదా క్రిందికి దిగును. కాని ఒక కడ్డీ పొట్టిదై మరియొకటి పొడవైనచో లివరు ఏ గాటులో నున్నను ఒరుగు ఒరుగుగానే యుండును. లివరు ఎత్తును మార్చగలదే గాని వంకరను తీర్చలేదు.

మన రైతులకు ఇది క్రొత్త గాదు. గుంటక ఒక ప్రక్కకు ఒత్తినచో ఆ ప్రక్క పాస లోతుగా దిగి, రెండవ ప్రక్క కలుపు తెగక మిగులును. నాగలి లోతు చాలనిచో కాడి కట్టును జరిపి సవరింతుము గాని ఎద్దును కొట్టము. ఈ బండి విషయమునను అదే బుద్ధి వినియోగింపవలెను.

గడ్డి ఎంత ఎత్తున నుండవలెను?

మన మైదానములలో సహజముగా పెరుగునది గరిక. వినాయక చవితి పూజకు మనము కోసికొని వచ్చునది ఇదియే. ఇది నేలపై ప్రాకు తీగలతోను, భూమిలోపలి కాండములతోను వ్యాపించును. కావున త్రొక్కుడును, కోతను ఓర్చుకొనును. అయినను ఓర్పునకు హద్దు కలదు. ఆకు పూర్తిగా పోవునట్లు కోసినచో మొక్క వేళ్లలో దాచుకొన్న ఆహారమును వ్యయపరచి క్రొత్త ఆకు వేయవలసి వచ్చును. మాటిమాటికి ఇట్లు జరిగినచో వేళ్లు కుదించుకొనిపోవును. ఎండకు నేల పగులును. బయటపడిన నేలలో వయ్యారిభామ వంటి కలుపు మొలచును. వయ్యారిభామ తగిలిన పిల్లలకు దురదలు, దద్దురులు, ఆయాసము వచ్చునని మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

పిల్లలు ఆడుకొను గ్రామ మైదానమునకు సుమారు 40 మిల్లీమీటర్లు, అనగా ఒకటిన్నర అంగుళముల ఎత్తు తగినది. నీరు పెట్టు వసతి లేనిచోట వేసవిలో 50 మిల్లీమీటర్ల వరకు పెరగనిచ్చుట మేలు. పొడవైన ఆకు నేలకు నీడనిచ్చి తేమను కాపాడును. పట్టణములలోని క్రికెట్టు మైదానములవలె బొత్తిగా పొట్టిగా కోయవలెనని ఆశపడరాదు. అట్టి కోతకు వేరు జాతి యంత్రములు, నిత్యము నీరు, వేరు సిబ్బంది కావలెను.

మరియొక నియమము: ఒక్క కోతలో ఆకు పొడవులో మూడవవంతుకు మించి తీయరాదు. 40 మిల్లీమీటర్లు నిలుపదలచినచో గడ్డి 60కి చేరునప్పటికే కోయవలెను. వానకాలములో గరిక వేగముగా పెరుగును గనుక వారమునకొక కోత అవసరము కావచ్చును. సెలవులలో పట్టించుకొనక గడ్డి మోకాలెత్తు పెరిగినచో ముందుగా కొడవలితోనో, భుజమునకు తగిలించుకొను కోత యంత్రముతోనో తగ్గించి, తరువాత మూడు నాలుగు దినముల వ్యవధితో విడతలుగా దింపవలెను.

ముందు ప్రాణము, తరువాత పని

మట్టము సరిచూచుటకు పూర్వము చేయవలసిన జాగ్రత్తలు కొన్ని కలవు. ఇందులో ఒక్కటియు విడువరాదు.

ఈ బ్లేడుల కొన వేగము ఎంత యుండవచ్చునో ఊహింపుడు. అమెరికా ప్రమాణముల ననుసరించి దానికి విధించిన గరిష్ఠ పరిమితి నిమిషమునకు 19,000 అడుగులు. అనగా గంటకు దాదాపు 350 కిలోమీటర్లు. మన రైలుబండ్లలో ఏదియు అంత వేగముగా పోదు. అట్టి బ్లేడుకు వ్రేలు తగిలినను, గులకరాయి తగిలి ఎగిరినను ఏమగునో చెప్పనక్కరలేదు.

కావున ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొనవలెను. బ్రేకు బిగించవలెను. ఇంజను చల్లారిన పిదప స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీసి ప్రక్కకు మలచవలెను. బ్యాటరీతో నడచు బండియైనచో పుస్తకమున చెప్పిన ప్రకారము విద్యుత్తును విడదీయవలెను. చేతులకు మందపు తొడుగులు వేసికొననిదే బ్లేడును ముట్టరాదు. ఒక బ్లేడును త్రిప్పినచో బెల్టు వలన ప్రక్క బ్లేడు కూడ తిరుగవచ్చును. అందుచేత ఒకరు త్రిప్పుచుండగా మరియొకరు క్రింద చేయి పెట్టరాదు. పిల్లలను దరికి రానీయరాదు.

మట్టము సరిచూచు క్రమము

మొదటిది నేల. మైదానముననే కొలతలు తీసినచో నేల మిట్టపల్లములు మనలను మోసగించును. పంచాయతి కార్యాలయపు అరుగు గాని, ధాన్యమారబోయు సిమెంటు కల్లము గాని సమముగా నున్నదో లేదో రసమట్టముతో చూచి, అచ్చట బండిని నిలుపవలెను. బండి తన చక్రములపైననే నిలువవలెను. జాకీపై లేపి కొలువరాదు.

రెండవది టైర్ల గాలి. ఒరుగుడుకు మొదటి కారణము తరచుగా ఇదియే. కుడి ఎడమల గాలి సమానముగా నుండవలెను. ఈ బండ్ల టైర్లకు సాధారణముగా 10 నుండి 15 పౌండ్ల గాలి చాలును. పంక్చరు దుకాణమున మోటారుకారు టైరనుకొని 30 పౌండ్లు కొట్టించుట పొరపాటు. యంత్రముతో వచ్చిన పుస్తకములోని అంకెయే మనకు ప్రమాణము. గాలి సరిచేయక నట్టులు త్రిప్పుట, పునాది చూడక గోడకు పూత పూయుట వంటిది.

మూడవది బ్లేడు. డెక్కు క్రింద అంటుకొన్న ఎండుగడ్డిని, మట్టిని కర్రతో గీకివేయవలెను. బ్లేడు వంగినదో లేదో తెలిసికొనుటకు సులభమైన మార్గము కలదు. బ్లేడు ఒక కొన నుండి నేలకు గల ఎత్తును కొలబద్దతో కొలువవలెను. తరువాత బ్లేడును అర్ధచక్రము త్రిప్పి, రెండవ కొనను అదే చోటికి తెచ్చి కొలువవలెను. రెండు కొలతలకును 3 మిల్లీమీటర్లకు మించి భేద మున్నచో బ్లేడు వంగినదని యర్థము. వంగిన బ్లేడును సుత్తితో కొట్టి సరిచేయ యత్నింపరాదు, క్రొత్తది వేయవలెను.

నాలుగవది కుడి ఎడమల మట్టము. లివరును నడిమి గాటులో నుంచి, బ్లేడులను బండికి అడ్డముగా త్రిప్పి, కుడివైపు చివరి కొనను, ఎడమవైపు చివరి కొనను నేల నుండి కొలువవలెను. ఎడమవైపు 52, కుడివైపు 60 మిల్లీమీటర్లు వచ్చినదనుకొనుడు. 8 మిల్లీమీటర్ల భేదము సహింపరానిది. 3కు మించకుండ చూడవలెను. డెక్కును మోయు ప్రక్క కడ్డీపై సవరించు నట్టు ఉండును. కొన్ని బండ్లలో ఇది ఒక ప్రక్కనే యుండును. నట్టు వదులు చేయుటకు ముందు డెక్కు అంచుల క్రింద సమమైన కొయ్యదిమ్మెలు పెట్టవలెను. లేనిచో డెక్కు చేతిపై పడవచ్చును. పానాతో నట్టును కొద్దికొద్దిగా త్రిప్పి, దిమ్మెలు తీసి, మరల కొలువవలెను.

అయిదవది ముందు వెనుకల మట్టము. ఇచ్చట మాత్రము సమముగా నుంచరాదు. బ్లేడులను బండి పోవు దిశకు త్రిప్పి కొలిచినపుడు ముందు కొన వెనుక కొన కంటె 3 నుండి 6 మిల్లీమీటర్లు దిగియుండవలెను. ముందు 50, వెనుక 55 అయినచో సరిపోవును. ఏలననగా బ్లేడు ముందు కొనతో గడ్డిని కోసిన పిదప వెనుక కొన దానిపై రాచుకొనక సాగిపోవలెను. వెనుక కొన దిగియున్నచో ఒకసారి తెగిన గడ్డినే మరల నలుపును. ఇంజనుకు భారము, ఆయిలుకు ఖర్చు, గడ్డి కొనలకు చీలిక. ముందు కడ్డీ నట్టులతో దీనిని సవరింపవలెను. సవరించిన పిదప కుడి ఎడమలను మరియొకసారి చూడవలెను. ఒకటి కదలినచో రెండవది కదలుట కలదు. అంతయు కుదిరిన తరువాత లాకు నట్టులు బిగించుట మరువరాదు.

ఆరవది డెక్కు అంచులనున్న చిన్న చక్రములు. ఇవి డెక్కును మోయుటకు కావు. మిట్ట వచ్చినపుడు బ్లేడు నేలను తాకకుండ అడ్డుపడుటకు మాత్రమే. కోత ఎత్తును నిర్ణయించిన పిదప ఇవి నేలకు 6 నుండి 12 మిల్లీమీటర్ల ఎత్తున తేలుచుండవలెను.

చివరిది పరీక్ష. స్పార్కు ప్లగ్గు తీగను తిరిగి తగిలించి, మైదానములో రాళ్లు, తీగలు, సీసా పెంకులు ఏరివేసి, ఒక దారి మాత్రము మెల్లగా కోసి బండిని ఆపవలెను. ఆ దారిలో అయిదారు చోట్ల కొలబద్దను నేలపై నిలువుగా నిలిపి గడ్డి ఎత్తును చూడవలెను. లివరుపై నున్న అంకెను నమ్మరాదు. కొన్ని బండ్లపై 2 అనగా రెండంగుళములు. కొన్నిటిపై అది రెండవ గాటు మాత్రమే. గడ్డిపై కొలబద్ద చూపిన అంకెయే నిజము.

పంచాయతి ట్రాక్టరుకు కూడ ఇదే సూత్రము

అన్ని గ్రామములకును ఇట్టి బండి లేదు. 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతులకు ట్రాక్టర్లు సమకూరినవి. వీనికి వెనుక తగిలించు గడ్డికోత పరికరమును వాడువారును కలరు. ట్రాక్టరు క్రింది రెండు చేతులలో కుడిచేతిని హెచ్చుతగ్గులు చేసి కుడి ఎడమల మట్టమును, పైనున్న టాపు లింకును పొట్టి పొడవు చేసి ముందు వెనుకల మట్టమును సవరింపవచ్చును. ఇంజను ఆగి, పరికరము తిరుగుట పూర్తిగా నిలిచిన తరువాతనే దాని చెంతకు పోవలెను.

సభ్యుల కర్తవ్యము

ఇంతవరకు కార్మికుని పని చెప్పితిని. ఇక మీ పని చెప్పెదను.

ఒక కొలబద్ద, టైరు గాలి కొలుచు గేజి, ఒక జత మందపు చేతి తొడుగులు, రెండు పానాలు, ఒక రసమట్టము: ఇవి పంచాయతి కొని యంత్రముతోబాటే ఉంచవలెను. ఇవి పెద్ద వ్యయము కావు. నడుపు విధమును తెలుపు పుస్తకము ఆంగ్లమున నుండుట చేత కార్మికులు దానిని విప్పుటయే లేదు. బడి ఉపాధ్యాయుల సహాయముతో అందలి ముఖ్యమైన అంకెలను, అనగా టైరు గాలి, కోత ఎత్తు, బ్లేడు భేదము, తెలుగున పెద్ద అక్షరములతో వ్రాయించి యంత్రమును నిలుపు షెడ్డు గోడపై అంటించవలెను. విడి భాగములు కావలసినపుడు ఇచ్చటికి దగ్గరలోనున్న రాణిగంజ్‌లో యంత్ర సామగ్రి దుకాణములు అనేకము గలవు. పాత బ్లేడును, బెల్టును వెంట తెచ్చి సరిపోల్చి కొనుట మంచిది.

నెలకొకసారి మట్టము చూచుటకు కార్మికునికి అరగంట కాలము ప్రత్యేకముగా నీయవలెను. "గడ్డి కోయక కూర్చున్నాడేమి?" అని ఆ అరగంటను వృథాగా లెక్కింపరాదు. చూచిన కొలతలను తేదీతో ఒక రిజిస్టరులో వ్రాయించవలెను. మైదానము పాడైనపుడు ముందుగా ఆ రిజిస్టరును తెరచి చూడుడు. తరువాత టైరును చూడుడు. ఆ తరువాతనే మనిషిని ప్రశ్నింపుడు.

పల్లకి ఒరిగినపుడు లోపల కూర్చున్నవారు బోయీని తిట్టుట లోకములో నున్నదే. కాని అతని కాలి క్రింద గుంట యున్నదేమో చూచినవారు తక్కువ. పంచాయతి సభ్యులైన మీరు ఆ గుంటను చూడగలవారు కావలెను. మీ గ్రామ మైదానములందు గరిక సమముగా పెరిగి, మన పిల్లలు చెప్పులు లేని కాళ్లతో నిర్భయముగా పరుగెత్తుదురు గాక.